ముసురు పట్టిన రోజు మనం రాయవలసింది

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సభ అంటే జమాఖర్చులు, పిల్లల స్కాలర్‌షిప్పులు, పేదింటి పెళ్ళిళ్ళకు సాయం, ఖబరస్తాన్ ప్రహరీగోడ, ఇవే కదా మాటలు! అవన్నీ కార్యదర్శిగారు ఎంతో వివరంగా చెప్పారు. మాకు మాత్రం కార్యవర్గంవారు వేరే పని అప్పజెప్పారు. "వానాకాలం వెళ్ళిపోయే రోజుల్లో మనిషికి ఏదైనా రాయాలని ఎందుకనిపిస్తుంది? దాని మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సంక్షేమ సంఘానికీ వానకీ కలానికీ ఏమిటి చుట్టరికం అని మీలో కొందరికి తోచవచ్చు. మాకూ మొదట అలాగే తోచింది. ఆలోచించగా చుట్టరికం దగ్గరిదేనని తేలింది. అదెలాగో మనవి చేస్తాం, కాస్త ఓపిక పట్టండి.

ముందు కాలం సంగతి. పుస్తకాల్లో శరదృతువు అంటే తెల్లని మబ్బులు, తేటనీళ్ళు, పండు వెన్నెల. మన హైదరాబాదులో ఆ శరత్తు అంత తొందరగా రాదు. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం లేచిందంటే చాలు, ఇక్కడ మనకు మూడు రోజులు ముసురు. అది తొలకరిలాగా ఉరుములతో మెరుపులతో వచ్చే వాన కాదు. పొద్దున లేచేసరికి పడుతూ ఉంటుంది, రాత్రి పడుకునేటప్పుడూ పడుతూనే ఉంటుంది. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి. అసర్ అయిందో మగ్రిబ్ అయిందో వెలుగు చూసి చెప్పలేం, అజాన్ వినాల్సిందే.

మన రైతులు ఋతువులతో కాక కార్తెలతో లెక్క చూస్తారు. సెప్టెంబరు చివర హస్త వస్తుంది. అక్టోబరు రెండో వారంలో చిత్త వస్తుంది, ఆ వెనక స్వాతి. చిత్త చినుకు చిత్తమున్నచోట పడుతుందని సామెత. ఆ సామెత ఎంత నిజమో ఈ మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. సైబర్ టవర్స్ దగ్గర మోకాటిలోతు నీళ్ళుంటాయి, రెండు కిలోమీటర్లు పోతే రోడ్డు పొడిగా ఉంటుంది.

తొలకరి వానకీ ఈ చివరి వానకీ తేడా ఉంది. తొలకరి వానలో మట్టివాసన లేస్తుంది. ఆ వాసనకు ఇద్దరు శాస్త్రజ్ఞులు 1964లో ఇంగ్లీషులో ఒక పేరు పెట్టారు. మన కన్నౌజు అత్తరువాళ్ళు పేరు కోసం ఆగకుండా ఎన్నో తరాల కిందటే ఆ వాసనను సీసాలో పట్టేశారు. కాల్చిన మట్టిని బట్టీ పెట్టి, ఆ ఆవిరిని చందనపు నూనెలోకి దింపి 'మిట్టీ అత్తరు' తీస్తారు. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో అడిగితే ఇస్తారు. తొలకరిలో మనిషికి ఎక్కడలేని ఆశ పుడుతుంది. దున్నాలి, విత్తాలి, ఏదో ఒకటి మొదలుపెట్టాలి అనిపిస్తుంది. హస్త, చిత్తల నాటికి అదంతా అయిపోయి ఉంటుంది. పైరు పొలంలో ఉంటుంది, చెరువు నిండిందో లేదో తెలిసిపోయి ఉంటుంది. చేయగలిగింది చేశాం, ఇక పండేదీ పండనిదీ అల్లాహ్ చేతిలో ఉంది అని రైతు గట్టు మీద కూర్చుంటాడు. అప్పుడు మనసు ముందుకు పోదు, వెనక్కి పోతుంది. పోయినవాళ్ళు గుర్తొస్తారు, ఇవ్వాల్సిన బాకీలు గుర్తొస్తాయి. తొలకరి చేతికి నాగలి ఇస్తే చివరి వాన చేతికి కలం ఇస్తుందని మా నమ్మకం. రాయాలన్న కోరికకు మూలం ఇదే. ఏడాది లెక్క చూసుకునే వేళ అది.

ఇక ఈ హైటెక్ సిటీలో వాన ఎలా ఉంటుందో చూడండి. ఇక్కడ గట్టు లేదు, పొలం లేదు. సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు 1998 నవంబరులో ప్రారంభించారు. అంతకుముందు ఇక్కడ గుట్టలు, సీతాఫలం చెట్లు, మేకలు. మన బండలు 250 కోట్ల ఏళ్ళనాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వాటిని పేల్చి పునాదులు వేశాం. ఇప్పుడు వాన పడితే వినబడేది ఇంకిపోయే చప్పుడు కాదు, ప్రవహించే చప్పుడు. ఇంకడానికి నేలేదీ? 2023 జులైలో వానలు ముదిరినప్పుడు, ఐటీ ఉద్యోగులందరూ ఒక్కసారే బయలుదేరవద్దు, విడతలవారీగా ఇళ్ళకు వెళ్ళండి అని సైబరాబాద్ పోలీసువారు సలహా ఇవ్వవలసి వచ్చింది.

అయినా చూడండి, ఈ అద్దాల మేడల్లోనూ వాన మనిషిని వదలదు. ఎనిమిదో అంతస్తులో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు అద్దం మీద జారే చుక్కల్ని చూస్తాడు. ఆఫీసు పని పక్కన పెట్టి ఇంటికి ఫోను చేస్తాడు. "అమ్మీ, అక్కడ వాన పడుతోందా?" అని అడుగుతాడు. కడపలోనో, కర్నూలులోనో, మిర్యాలగూడలోనో అమ్మ "పడుతోంది బేటా, ఖిచిడీ ఖట్టా చేశాను, నువ్వేం తిన్నావ్?" అంటుంది. ఆ ఒక్క నిమిషం మాటల్లో వాడు రాయవలసినదంతా ఉంది. ఫోను పెట్టేస్తాడు, మళ్ళీ పనిలో పడతాడు. వాన వెలుస్తుంది. రాయాలన్న కోరిక కూడా దానితోనే వెలిసిపోతుంది. మేం ఇవాళ మాట్లాడదలచుకున్నది ఈ వెలిసిపోయే కోరిక గురించే.

అయితే ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వాన అందరి చేతికీ కలం ఇవ్వదు. కొందరి చేతిలో పని లాగేస్తుంది. కోకాపేటలో, నానక్‌రాంగూడలో నలభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. వాటి పక్కన రేకుల షెడ్లలో పాలమూరువాళ్ళు, ఒడిశావాళ్ళు, బీహారువాళ్ళు ఉంటారు. మూడు రోజులు ముసురు పడితే వాళ్ళకు మూడు రోజులు కూలి లేదు. మన పిల్లల్లోనూ క్యాబులు నడిపేవాళ్ళున్నారు, బండి మీద ఇంటింటికీ అన్నం పొట్లాలు చేర్చేవాళ్ళున్నారు. మనం కిటికీ దగ్గర కూర్చుని వేడి వేడి మిర్చి బజ్జీలు తెప్పించుకుంటాం. తెచ్చినవాడి రెయిన్‌కోటు నుంచి కారిన నీళ్ళు గుమ్మంలో మడుగు కడతాయి. వాన మీద ఎంత అందంగా రాసినా ఆ మడుగు అందులో కనబడకపోతే అది సగం రాతే. సంక్షేమ సంఘంవాళ్ళం కాబట్టి ఈ మాట మనం ముందే అనుకోవడం మంచిది.

మరి, తీరిక ఉన్నవాడే రాస్తాడా? కాదు. ఈ నగరంలోనే, ఇదే హస్త కార్తె రోజుల్లో జరిగిన సంగతి దానికి సాక్ష్యం. మూసీ వరద పేరు మీరందరూ విన్నదే. 1908 సెప్టెంబరు 28. హిజ్రీ లెక్కన 1326, రంజాన్ నెల అప్పుడే మొదలైంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌గారి కాలం. ఎగువన చెరువు మీద చెరువు తెగి మూసీ ఊరి మీద పడింది. పోయినవాళ్ళు 15 వేల మంది దాకా అని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు తర్వాత కట్టిన ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోకి వచ్చింది. నేటికీ ఏటా సెప్టెంబరు 28న ఆ చెట్టు దగ్గర కొందరు చేరి ఆనాటివారిని తలచుకుంటారు.

ఆ వరదలో ఒక యువకుడు తన తల్లినీ, భార్యనూ, చిన్నారి కూతురునూ పోగొట్టుకున్నాడు. ముగ్గురూ కొట్టుకుపోయారు, ఆయనొక్కడే మిగిలాడు. ఆయనే తర్వాత రుబాయీలకు దేశమంతటా పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ. 1961 దాకా జీవించారు. ఆ వరద మీద ఆయన ఉర్దూలో ఒక దీర్ఘ కవిత రాశారు. దాని పేరు 'ఖయామతే సుగ్రా', అంటే చిన్న ప్రళయం. ఆలోచించండి, ఆయన దగ్గర తీరిక ఏముంది? కిటికీ ఏది? అసలు ఇల్లే లేదు. పోయినవాళ్ళకు ఖబరు మీద పెట్టడానికి ఒక రాయి అయినా లేనప్పుడు మనిషి ఏం చేయగలడు? ఆయన రాశారు. ఆ వరదలో ఎన్ని వేల మంది తల్లులు పోయారో! వాళ్ళలో నూరేళ్ళు దాటినా మనం తలచుకోగలుగుతున్నది ఎందరిని? కొడుకు రాశాడు గనుక అమ్జద్‌గారి తల్లిని తలచుకుంటున్నాం.

అదే వరద మీద ఇంకొక రాత కూడా ఉంది. అది కవిత్వం కాదు, ఇంజనీరుగారి నివేదిక. నిజాం ప్రభుత్వం పిలవగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చారు. మూసీకి నీళ్ళు దించే ప్రాంతమంతటా చెరువులు లెక్కపెట్టించారు. 788 చెరువులున్నాయి, వాటిలో 221 తెగాయి అని తేల్చారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసా మీద ఒకటి జలాశయాలు కట్టాలని రాశారు. ఆ రాత ప్రకారమే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. మన కోకాపేట, నార్సింగి దాటి గండిపేట పోయి ఆదివారం నాడు పిల్లల్ని ఆడిస్తున్నామే, ఆ కట్ట ఆ వరదలోంచి, ఆ నివేదికలోంచి పుట్టినదే.

ఒక వరద, రెండు రాతలు. ఒకటి పోయినవాళ్ళను నిలబెట్టింది, రెండోది ఉన్నవాళ్ళకు కట్ట కట్టింది. మనకు రెండూ కావాలి. రాయడం అంటే కవులకే సంబంధించిన పని అని ఎవరైనా అంటే ఈ రెండో రాత సంగతి చెప్పండి.

ఇక మన కాలానికి వద్దాం. 2020 అక్టోబరు 13, చిత్త కార్తె. ఆ రాత్రి కురిసిన వాన మీ అందరికీ గుర్తుంటుంది. కరోనా భయంతో అసలే ఇళ్ళలో ముడుచుకుని ఉన్నాం. పాతబస్తీలో కాలనీలు మునిగాయి, మనకు దగ్గరలోనే టోలీచౌకీలో నదీం కాలనీ మునిగింది. పడవల్లో జనాన్ని బయటికి తెచ్చారు. నీళ్ళు తీసిన తర్వాత వాకిళ్ళలో ఆరబెట్టినవి ఏమిటి? పరుపులు, బియ్యం, వాటి పక్కనే కాగితాలు. నికానామాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, పెళ్ళి ఫోటోలు. ఇంట్లో అంతా పోయినా ఆ కాగితం నిలిస్తే చాలు అన్నట్టు ఒక్కొక్కటీ విడదీసి ఎండబెట్టారు. కాగితం విలువ వరద చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు.

మళ్ళీ 2025 సెప్టెంబరు చివర, హస్త కార్తె వేళకే, జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి. ఆ రోజున అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వీడియోలు వేలకొద్దీ తీశారు. "మరి ఇంకా రాయడం ఎందుకండీ, వీడియో ఉందిగా?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. వీడియోలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో కనబడుతుంది. ఏ ఇంటి తలుపు ఎవరికోసం తెరుచుకుందో, మతం అడక్కుండా ఎవరు ఎవరికి అన్నం పెట్టారో, ముసలి దాదీని ఏ పక్కింటి కుర్రాడు భుజాన మోశాడో, ఆ కుర్రాడు మర్నాడు తన ఇంటి సంగతి ఏమయిందని ఏడ్చాడో, ఇదంతా ఎవరో ఒకరు కూర్చుని చెబితే తప్ప తెలియదు. పైగా ఫోను మారితే ఆ వీడియో ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు.

మన దీన్‌లో రాతకు ఉన్న స్థానం మీకు తెలియనిది కాదు. హిరా గుహలో దిగిన మొదటి వహీలోనే చదవమన్న మాట ఉంది, కలంతో నేర్పిన ప్రభువు ప్రస్తావన ఉంది. కలం పేరుతోనే ఒక సూరా ఉంది. అయితే వీటికంటే ఎక్కువగా మనల్ని ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. ఖురాన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏ విషయం మీద ఉందో మన పిల్లల్ని అడిగి చూడండి. నమాజు మీదా? రోజా మీదా? కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసి పెట్టుకోండి అనే విషయం మీద. సూరయె బఖరాలో 282వ ఆయత్. చిన్న అప్పైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఉంది. మనుషులు మరిచిపోతారు కనుక రాయాలి, సాక్షులుండాలి. మనం డబ్బు అప్పుకే దీన్ని వర్తింపజేసుకుంటాం. మన పెద్దలకు మనం పడ్డ అప్పు సంగతి ఏమిటి? దాన్ని ఏ ఖాతాలో రాశాం?

వానకు కూడా మన దగ్గర అదబ్ ఉంది. వాన రహ్మత్. అది పడుతుంటే మేలు చేసే వాన కావాలని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం దుఆ చేసేవారు. అదే వాన మితిమీరినప్పుడు, మా మీద కాదు, మా చుట్టుపక్కల గుట్టల మీద, లోయల మీద, చెట్లు మొలిచేచోట్ల కురవనీ అని వేడుకున్నారు. ఆ రెండు దుఆల నడుమే ఉంది మన హైదరాబాదు చరిత్ర అంతా. మన పక్కనే మణికొండ జాగీర్‌లో దర్గా ఉన్న హజ్రత్ హుస్సేన్ షా వలీగారిని తలచుకోండి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతాల హుస్సేన్ సాగర్ తవ్వించింది ఆయన ఆధ్వర్యంలోనే. వాన నీటిని మేలు చేసే నీరుగా మార్చిన పెద్దమనిషి మన ఐటీ కారిడార్ మధ్యనే నిద్రిస్తున్నారు. ఎన్ని వేల కార్లు రోజూ ఆ దారిన పోతున్నాయో, వాటిలో ఆయన ఎవరో తెలిసినవాళ్ళు ఎందరో!

సరే, రాయాలి. ఏ భాషలో రాయాలి? ఇది మన ఇళ్ళలో పెద్ద చిక్కు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, అందులోనూ మన దక్కనీ ఉర్దూ. బడిలో చదివింది తెలుగు. ఉద్యోగం ఇంగ్లీషులో. మన దూదేకుల సోదరుల ఇళ్ళలో చాలా చోట్ల ఇంటి భాషే తెలుగు. ఇక ఇప్పటి పిల్లలకు ఉర్దూ లిపి రాదు, తెలుగు గుణింతాలు తడుముకుంటారు, ఇంగ్లీషులో మాత్రం గడగడలాడతారు. నానీ ఉర్దూలో రాసిన ఉత్తరం మనవరాలు చదవలేదు. తాత తెలుగులో రాసుకున్న డైరీ మనవడు చదవలేడు. ఒకే ఇంట్లో ఉన్న మూడు తరాలు ఒకరి రాత ఒకరు చదవలేకపోవడం చిన్న సంగతి కాదు. దీన్ని కూడా సంక్షేమం కిందనే లెక్క వేయాలని మా మనవి.

విచిత్రం చూడండి. సైబర్ టవర్స్ వచ్చిన 1998లోనే గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. అదే ఏడు తెలుగు ముస్లిం కవుల 'జల్‌జలా' సంకలనం వచ్చింది. ఇంగ్లీషు ఉద్యోగం, ఉర్దూ చదువు, తెలుగు కవిత్వం మూడూ ఒకే ఏడాదిలో మన తలుపు తట్టాయి. మనం మొదటి తలుపు మాత్రం తెరిచాం. అందులో తప్పులేదు, ఆ ఉద్యోగాలే ఇవాళ మన సంఘానికి చందాలిస్తున్నాయి. మిగతా రెండు తలుపులు ఇంకా మూసేయలేదు, తెరవవచ్చు అని చెప్పడమే మా ఉద్దేశం.

తెలుగు మనది కాదని ఎవరూ అనుకోవద్దు. పిఠాపురం ఉమర్ అలీషాగారు (1885–1945) తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. కాకినాడలో పాఠాలు చెప్పిన ఇస్మాయిల్‌గారు 'చెట్టు నా ఆదర్శం' అని పుస్తకం వేసి చెట్టుకవి అనిపించుకున్నారు. షేక్ ఖాజా హుస్సేన్ అనే పేరుతో పుట్టి దేవిప్రియగా పేరుపొందిన కవికి 'గాలిరంగు' పుస్తకానికి 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చి తెలుగువాళ్ళను ఉలిక్కిపడేలా చేసింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', షాజహానా 'నఖాబ్', 2012లో యువ పురస్కారం అందుకున్న వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', ఇవన్నీ మన ఇళ్ళ మాటలు, మన వంటింటి వాసనలు, మన అమ్మల భయాలు. పక్కింటి హిందూ సోదరులు మన ఇల్లు ఎలా ఉంటుందో తెలుసుకున్నది చాలావరకు ఈ పుస్తకాల వల్లనే. మనం రాయకపోతే మన గురించి వేరేవాళ్ళు రాస్తారు. వాళ్ళు మంచివాళ్ళే అయినా మన గడప లోపలికి వాళ్ళకు ఎంతవరకు కనబడుతుంది?

ఇక ఆచరణ సంగతి. మీటింగు అయిపోయాక "బాగా మాట్లాడారండీ" అని చెయ్యి కలిపి వెళ్ళిపోతే ప్రయోజనం లేదు. ఇంటికి ఒక్క పేజీ అడుగుతున్నాం. అంతే. ఏం రాయాలి అంటే, మాకు తోచినవి చెబుతాం.

మాదాపూరు, రాయదుర్గం, షేక్‌పేట, హఫీజ్‌పేట, ఖానామెట్, గోపన్‌పల్లి మొదటినుంచీ ఊళ్ళే. అక్కడ పుట్టి పెరిగిన ముసలివాళ్ళు మన సభ్యుల ఇళ్ళలో ఇంకా ఉన్నారు. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లో వచ్చింది, పిల్లలు దాని మీద ఫోటోలు దిగుతారు. ఒకప్పుడు గోలకొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు అది. మల్కం చెరువు నీళ్ళు మీ చిన్నప్పుడు ఎందాక వచ్చేవి? ఏ వాగు ఎటు పారేది? ఇప్పుడు ఏ అపార్టుమెంటు ఆ వాగు మీద ఉంది? ఇవి రాస్తే అది జ్ఞాపకమూ అవుతుంది, రేపు మురుగునీటి కాలువ కోసం అర్జీ పెట్టేటప్పుడు సాక్ష్యమూ అవుతుంది. విశ్వేశ్వరయ్యగారు చెరువులు లెక్కపెట్టించారు. మన వీధిలో ఏ మలుపులో నీళ్ళు నిలుస్తాయో మనమన్నా లెక్క రాసిపెట్టుకోలేమా?

వేరే ఊళ్ళనుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎక్కువ. మీరు ఏ ఊరునుంచి, ఏ ఏడు, ఎందుకు వచ్చారు? మొదటి అద్దె ఇల్లు ఎవరిచ్చారు, ఎవరు ఇవ్వమన్నారు? మొదటి జీతంతో అమ్మీకి ఏం కొన్నారు? ఆడవాళ్ళకు మా ప్రత్యేక విన్నపం. మగవాళ్ళు రాస్తే ఉద్యోగాల సంగతి రాస్తారు. ఇల్లు ఎలా గడిచిందో రాయగలిగేది మీరే. వానరోజు పొయ్యి అంటుకోకపోతే నానీమా ఏం చేసేది, పిల్లలకు జ్వరం వస్తే ఏ కషాయం ఇచ్చేది, ఏ పాట పాడి నిద్రపుచ్చేది? అవి ఇంకెక్కడా దొరకవు.

క్యాబు నడిపే తమ్ముళ్ళూ, బండి మీద తిరిగే తమ్ముళ్ళూ, మీరు చూసే వాన మేమెవరం చూడం. మీరు చెప్పండి, పక్కన కూర్చుని రాసే పిల్లలున్నారు. రాయడం రాని పెద్దలకు కూడా ఇదే మాట. మీకు తెలిసిన భాషలో చెప్పండి. ఇప్పుడు ఫోనులో మాట్లాడితే అదే తెలుగులో, ఉర్దూలో అక్షరాలు వేస్తోంది. ఏ భాష అయినా సరే. మన సావనీరులో తెలుగు పేజీ పక్కన ఉర్దూ పేజీ ఉంటే అందం చెడదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకుందాం. రాసింది ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకసారి చదివి వినిపించండి. వాళ్ళు "అలా కాదురా, ఇలా జరిగింది" అంటారు. ఆ దిద్దుబాటులోనే అసలు కథ బయటికి వస్తుంది. వానరోజు సాయంత్రం, కరెంటు పోయినప్పుడు, ఇరానీ చాయ్ పెట్టుకుని ఈ పని చేస్తే అంతకంటే మంచి కాలక్షేపం లేదు.

సావనీరు అనగానే ఒక మాట. ఏ సంఘం సంచిక తిరగేసినా శుభాకాంక్షల ప్రకటనలు అరవై పేజీలు, మనుషుల మాటలు ఆరు పేజీలు ఉంటాయి. ప్రకటనలు ఇచ్చే దాతలు చల్లగా ఉండాలి, వాళ్ళవల్లనే కాగితం ఖర్చు గడుస్తుంది. కాని ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఈ సంచికను అటక మీదనుంచి దించి దుమ్ము దులిపితే, ఏం చూసి దాన్ని మళ్ళీ దాచుకుంటారు? ప్రకటన చూసి కాదు. "ఇదిగో, మా నానీ చెప్పింది ఇందులో ఉంది" అని దాచుకుంటారు.

ఇప్పుడు మొదట అన్న చుట్టరికం సంగతి తేలింది కదా. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం సంక్షేమం, చదువుకునే పిల్లకు ఫీజు కట్టడం సంక్షేమం. మనిషిని మరిచిపోకుండా చూడటం కూడా సంక్షేమమే. చిత్త పోతే స్వాతి, స్వాతితో వానలు ఇంచుమించు వెళ్ళిపోతాయి. తర్వాత చలి, పరీక్షలు, పెళ్ళిళ్ళు, ఆఫీసు ఒత్తిళ్ళు ఉండనే ఉన్నాయి. ఈ నాలుగు ముసురు రోజుల్లోనే ఆ పేజీ మొదలుపెట్టండి. పూర్తి చేయడానికి చలికాలం ఉంది.

ఈ వాన మన రైతుకూ, మన కూలివాడికీ, మన వీధికీ మేలు చేసే వాన కావాలని, మన కలాల్లో అల్లాహ్ బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.